ఇంకేం గోలీలు వేసుకుంటున్నారు? – ఒక ప్రశ్న చరిత్ర

(10వ తరగతి విద్యార్థి వ్యాసం)

మన పత్రికలో చరిత్ర వ్యాసం అంటే బీదరు కోట, మహమూద్ గవాన్ మదరసా, బిద్రీ పని, నిజాం కాలం, ఇవే ఎక్కువ వస్తాయి. నాకూ అవి ఇష్టమే. కానీ కోట మీద మూడో వ్యాసం, నాలుగో వ్యాసం ఎవరు చదువుతారు? అందుకని నేను ఎక్కువ పాతది కాని ఒక సంగతి ఎంచుకున్నాను. ఇందులో రాజులు లేరు. హెచ్ఐవికి మందులు వాడేవాళ్ళు వాటితో పాటు వేరే జబ్బులకు మందులు వేసుకుంటే ఏమవుతుంది, ఆ సంగతి మనుషులకు ఎట్ల తెలిసింది అన్నదే ఈ వ్యాసం.

ఇది సైన్సు వ్యాసం గదా అని మా టీచరు అన్నారు. సగం నిజమే. కానీ ఒక మందు ఇంకో మందును పాడు చేస్తుందని ఎవరూ ముందే పుస్తకంలో రాసిపెట్టలేదు. ఒక్కొక్కటి ఒక్కో సంవత్సరంలో, ఒక్కో ఊళ్ళో, ఎవరో ఒక మనిషి ఒంటి మీద బయటపడింది. సంవత్సరం, ఊరు, మనిషి మూడూ ఉంటే అది చరిత్రే అని నా వాదన. టీచరు ఒప్పుకున్నారు.

ముందు మన రోడ్డు గురించి చెప్పాలి. మన్నాఏఖేళ్ళి హైదరాబాదు–పుణె రోడ్డు మీద ఉంది. ఇప్పుడు అది 65వ నంబరు జాతీయ రహదారి. మా పెద్దోళ్ళకు మాత్రం ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. తూర్పుకు పోతే జహీరాబాదు, పడమరకు పోతే హుమ్నాబాద్. 1956 నవంబరు 1 దాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే కాబట్టి మన ఇళ్ళల్లో తెలుగు ఉంది, బజారులో కన్నడ, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపిస్తాయి. పెద్ద రోడ్డు ఉంటే లారీలుంటాయి. 1990లలో, ఆ తర్వాత కూడా హెచ్ఐవి అనగానే అందరూ లారీ డ్రైవర్ల వైపే చూసేవాళ్ళు. మా పెదనాయన చాలా ఏండ్లు లారీ నడిపిండు. ఆ మాట ఎత్తితే ఆయనకు ఇప్పటికీ కోపం వస్తది. "ధాబాల దగ్గర మేం కూసుంటే పక్క మంచం ఖాళీ అయ్యేది. రోగం ఉన్నోడెవడో లేనోడెవడో చూసేది లేదు, డ్రైవరైతే చాలు" అంటాడు.

జహీరాబాదు దాటి హైదరాబాదు వైపు పోతుంటే అప్పట్లో పెద్ద పెద్ద బోర్డులు ఉండేవట. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని వాటి మీద రాసి ఉండేది. 2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ అంతటా ఆ ప్రచారం జరిగింది. పులిరాజా ఎవరో తెలియక క్లీనర్లు పందేలు వేసుకున్నారని పెదనాయన నవ్వుతాడు. ఆ బోర్డు వల్ల రోగం పేరు ఇంటింటికీ తెలిసింది. కానీ ఏం మందు ఉంది, ఆ మందుతో ఏది కలపకూడదు అన్నది ఏ బోర్డు మీదా లేదు. ఉండటానికి అప్పటికి సర్కారు దవాఖానాలలో ఉచితంగా మందే మొదలుకాలేదు.

మందుల మధ్య గొడవ కథ మాత్రం అంతకంటే చాలా ముందే, హెచ్ఐవి అనే పేరు లోకానికి తెలియకముందే మొదలైంది. అది టీబీ గోలీతో మొదలైంది.

1957లో ఇటలీలోని మిలాన్ నగరంలో లెపెటిట్ అనే కంపెనీ వాళ్ళు ఫ్రాన్సు సముద్రతీరం నుంచి తెచ్చిన మట్టిని పరీక్షించారు. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన పదార్థాలకు, అప్పట్లో బాగా ఆడిన "రిఫిఫి" అనే ఫ్రెంచి సినిమా పేరు మీద రిఫామైసిన్లు అని పేరు పెట్టారు. సినిమా పేరు మందుకు పెట్టడం మనవాళ్ళే చేస్తారనుకున్నాను. వాటినే మార్చి మార్చి 1965లో రిఫాంపిసిన్ తయారు చేశారు. టీబీ వైద్యాన్ని అది మార్చేసింది. అంతకు ముందు ఏడాది, ఏడాదిన్నర సాగే వైద్యం, దీన్ని ఇతర మందులతో కలిపి ఇస్తే ఆరు నెలలకు వచ్చింది. మా అవ్వ టీబీకి ఆరు నెలలు గోలీలు మింగింది. మొదటి రోజే మూత్రం ఎర్రగా నారింజ రంగులో వచ్చేసరికి రక్తం పోతోందని ఏడ్చింది. ఆశా అక్క వచ్చి "అది మందు రంగు అవ్వా, భయపడకు" అని చెప్పింది. ఆ రంగు రిఫాంపిసిన్‌ది.

1970ల మొదట్లో జర్మనీలో డాక్టర్లు ఒక వింత గమనించారు. రిఫాంపిసిన్ వాడుతున్న ఆడవాళ్ళలో కుటుంబ నియంత్రణ గోలీలు కూడా వేసుకునేవాళ్ళకు నెలసరి తప్పుతోంది, కొందరికి గర్భం వస్తోంది. గోలీ మరిచిపోయారేమో అనుకోవచ్చు. కానీ వాళ్ళు మరిచిపోలేదు. టీబీ గోలీయే రెండో గోలీని పని చేయనీయకుండా చేసింది. టీబీ డాక్టరు టీబీ గురించి అడుగుతాడు, ఆడవాళ్ళ డాక్టరు ఆ సంగతి అడుగుతుంది. రెండూ ఒక్క మనిషి కడుపులోకే పోతున్నాయని కలిపి చూసినవాళ్ళకే అసలు సంగతి దొరికింది.

ఇది ఎట్ల జరుగుతుందో నాకు అర్థమైనట్టు చెప్తాను. మటన్ దుకాణంలో కార్జం అంటాం గదా, మనలోని ఆ కాలేయాన్ని ఒక గోదాం అనుకోండి. అందులో ఎంజైములు అనే హమాలీలు ఉంటారు. ఒంట్లోకి వచ్చిన మందును కొద్దికొద్దిగా మోసి బయట వేయడం వాళ్ళ పని. అందుకే రోజూ గోలీ వేసుకోవాలి. రిఫాంపిసిన్ వస్తే గోదాములో హమాలీల సంఖ్య పెరుగుతుంది. వాళ్ళు రిఫాంపిసిన్‌నే కాక పక్కనున్న వేరే మందులను కూడా తొందర తొందరగా మోసి బయట పడేస్తారు. ఆ మందు పని చేసే లోపే ఖాళీ. ఈ హమాలీలు ఒక్కరోజులో చేరరు, వారం రెండు వారాలు పడుతుంది. రిఫాంపిసిన్ ఆపినా వెంటనే ఇంటికి పోరు, ఇంకో రెండు వారాలు అక్కడే ఉంటారు. ఈ రెండు వారాల లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది. కొన్ని మందులు హమాలీల చేతులు కట్టేస్తాయి. అప్పుడు సరుకు బయటికి పోక గోదాములో పేరుకుపోతుంది. 1990లో అమెరికాలో అచ్చయిన ఒక వైద్య నివేదిక దీనికి పెద్ద ఉదాహరణ. 39 ఏండ్ల ఒకామె జలుబు, తుమ్ములకు టెర్ఫెనడిన్ అనే గోలీ వేసుకునేది. దానితో పాటు ఫంగస్ జబ్బుకు కీటోకొనజోల్ కూడా వాడింది. ఆమెకు కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పడం మొదలైంది. రెండో గోలీ హమాలీల చేతులు కట్టేయడంతో మొదటి గోలీ ఒంట్లో పేరుకుని గుండె మీద పడింది. తుమ్ములకు వేసుకునే గోలీ గుండెను పట్టుకుంటుందని ఎవరనుకుంటారు? చివరికి 1998లో టెర్ఫెనడిన్‌ను అమెరికా మార్కెట్టు నుంచి తీసేశారు.

ఇప్పుడు హెచ్ఐవి దగ్గరికి వస్తాను. 1981 జూన్ 5న అమెరికాలో ఐదుగురు రోగుల గురించి అచ్చయిన చిన్న నివేదికతో ఈ రోగం సంగతి బయటికొచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరస్‌ను కనుక్కున్నారు. మన దేశంలో 1986లో చెన్నైలో సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల రక్త నమూనాలు సేకరించి పరీక్ష చేయిస్తే మొదటిసారి హెచ్ఐవి బయటపడింది. మొదటి మందు జిడోవుడిన్, ఏజడ్‌టీ అని కూడా అంటారు. 1964లో క్యాన్సర్ కోసం తయారు చేసి పనికిరాదని పక్కన పెట్టిన మందు అది. 1987 మార్చిలో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మొదట్లో దాన్ని నాలుగు గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా లేచి మింగాల్సి వచ్చేది. ఖరీదు ఏడాదికి వేల డాలర్లు.

ఇక్కడ తెలుగువాళ్ళ వంతు వస్తుంది. హైదరాబాదులోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ 1944లో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రయోగశాల నుంచి పెరిగింది. అప్పటికి మన బీదరు కూడా అదే రాజ్యంలో ఉంది కాబట్టి అది కొంచెం మనది కూడా అని నేను అనుకుంటాను. గుంటూరులో పుట్టిన డాక్టర్ ఎ.వి. రామారావు గారు 1985 నుంచి 1995 దాకా దానికి డైరెక్టరు. జిడోవుడిన్‌ను తక్కువ ఖర్చుతో తయారు చేసే పద్ధతిని అక్కడే రూపొందించి ముంబైలోని సిప్లా కంపెనీకి ఇచ్చారు. 2001 ఫిబ్రవరిలో సిప్లా మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామన్నది. అప్పుడు పెద్ద దేశాలలో అదే వైద్యానికి 10 వేల డాలర్ల పైనే అయ్యేది. తర్వాత హైదరాబాదు కంపెనీలు హెటిరో, అరబిందో, మాట్రిక్స్ కూడా ఈ మందుల తయారీలో పెద్దవయ్యాయి. మాట్రిక్స్‌ను 2007లో మైలాన్ కొనుక్కుంది. 2017 సెప్టెంబరులో కొత్త మందు డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే గోలీని పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకున్న రెండు కంపెనీలు అరబిందో, మైలాన్‌లే. 

పెదనాయన నడిపిన రోడ్డు మీదే పటాన్‌చెరు ఉంది, మన హుమ్నాబాద్ పారిశ్రామిక వాడ ఉంది. మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలు రెండు చోట్లా ఉన్నాయి. ఆయన డ్రమ్ములు మోసుకుపోయిండు గాని లోపల ఏముందో అడగలేదట. బస్సులో ఆ పక్కగా పోతే వచ్చే వాసన మనందరికీ తెలుసు.

మందు చౌక కావడం ఒక గెలుపు. కానీ చౌకగా చాలామందికి అందేసరికి గొడవలూ చాలామందికి తగిలాయి. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. అప్పటి దాకా చావు ఖాయం అనుకున్నవాళ్ళు బతకడం మొదలుపెట్టారు. బతికినవాళ్ళకు అందరిలాగే తలనొప్పి వస్తుంది, షుగరు వస్తుంది, ఆయాసం వస్తుంది, ఫిట్స్ వస్తాయి. వాటికీ గోలీలు వేసుకుంటారు.

అదే సంవత్సరం వచ్చిన రిటోనావిర్ అనే మందు నాకు అన్నింటికంటే విచిత్రంగా అనిపించింది. మొదట దాన్ని రోజుకు రెండుసార్లు 600 మిల్లీగ్రాములు ఇచ్చేవాళ్ళు. వాంతులు, భరించలేని చేదు. అది హమాలీల చేతులు గట్టిగా కట్టేసే మందు అని తెలిసింది. ఇది ప్రమాదం గదా? కానీ డాక్టర్లు దాన్నే తిప్పి వాడుకున్నారు. 100 మిల్లీగ్రాములు మాత్రం ఇచ్చి, దాని తోడుగా వేరే హెచ్ఐవి మందు ఇస్తే ఆ రెండో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మన దేశంలో మొదటి రకం మందులు పని చేయనివాళ్ళకు ఇచ్చే గోలీలలో ఇది తోడు మందుగా ఉంటుంది. 2021 చివరలో కోవిడ్‌కు వచ్చిన పాక్స్‌లోవిడ్‌లో కూడా తోడు మందు ఇదే.

అయితే చేతులు కట్టేస్తే అందరి సరుకూ ఆగుతుంది. ఒంటి తలనొప్పికి ఇచ్చే ఎర్గోటమిన్ రిటోనావిర్‌తో కలిస్తే రక్తనాళాలు బిగుసుకుపోయి వేళ్ళు నల్లబడే దాకా పోతుంది. ఆయాసానికి పీల్చే ఫ్లూటికసోన్ మందు పేరుకుని మొహం ఉబ్బుతుంది. కొలెస్టరాల్‌కు ఇచ్చే సిమ్వాస్టాటిన్ పేరుకుని కండరాలను దెబ్బతీస్తుంది. తలనొప్పి గోలీని మనం చీటీ లేకుండానే అడిగి కొంటాం. నాకు భయం వేసింది అక్కడే.

మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచితంగా హెచ్ఐవి మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న ఎక్కువ బాధిత రాష్ట్రాలలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. అప్పటి గోలీలలో నెవిరపిన్ ముఖ్యమైనది. హెచ్ఐవి ఉన్నవాళ్ళను ఎక్కువగా చంపేది టీబీ. అంటే మా అవ్వ వేసుకున్న రిఫాంపిసిన్, ఈ నెవిరపిన్ ఒకే మనిషి చేతిలో కలిశాయి. హమాలీలు పెరిగారు, నెవిరపిన్ తగ్గింది. అందుకని టీబీ కూడా ఉంటే నెవిరపిన్ బదులు ఎఫావిరెంజ్ ఇవ్వమన్నారు, అది రిఫాంపిసిన్ పక్కన బాగానే నిలుస్తుంది. మరి నెవిరపిన్‌నే రోజుకు ఒకసారి ఇస్తే సరిపోతుందా అని సౌమ్య స్వామినాథన్ గారి బృందం తమిళనాడులో 116 మంది మీద పోల్చి చూసింది. నెవిరపిన్ వైపు ఫలితాలు బాగా లేకపోవడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపారు. 2011లో అది అచ్చయింది. ఓడిపోయిన మందు గురించి కూడా దాచకుండా రాయడం నాకు నచ్చింది.

నాటు మందు, ఆకు పసరు అయితే ఏం కాదు అని మన ఇళ్ళల్లో అంటారు. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. యూరపులో మనసు బాగాలేనప్పుడు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను ఎనిమిది మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి చూశారు. దాని వల్ల ఇండినావిర్ అనే హెచ్ఐవి మందు రక్తంలో సగటున 57 శాతం పడిపోయింది. మూలికే, చెట్టుదే, అయినా రిఫాంపిసిన్ లాగా హమాలీలను పెంచింది. తర్వాత వెల్లుల్లి గోలీలతో చూస్తే సాక్వినావిర్ అనే ఇంకో మందు సుమారు సగం తగ్గింది. ఇది చదివి అమ్మలు పప్పులో వెల్లుల్లి మానేయొద్దు. వాళ్ళకు ఇచ్చింది గట్టి వెల్లుల్లి గోలీలు, రోజూ, వారాల తరబడి. పోపులో వేసే నాలుగు రెబ్బలు కాదు.

ఇన్ని కలిశాక ఒక డాక్టరు తలలో అన్నీ ఉండటం కష్టం. 1999లో ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏ హెచ్ఐవి మందుకు ఏ మందుతో పడదో చూసుకునే పట్టికను కంప్యూటరులో అందరికీ ఉచితంగా పెట్టారు. ఇప్పటికీ లోకమంతా డాక్టర్లు దాన్ని చూస్తారు. కానీ ఆ పట్టికలో వెతకాలంటే రెండు పేర్లు కావాలి. ఒక పేరు రోగి దాస్తే పట్టిక ఏం చేస్తుంది?

మా చుట్టం ఒకాయన చాలా ఏండ్లు మెడికల్ షాపు నడిపిండు. ఊరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఈ వ్యాసం కోసం అడిగితే ఆయన ఒక సంగతి చెప్పిండు. "పేరు అడగొద్దు" అనే మొదలుపెట్టిండు. ఒకామె రోజూ రాత్రి హెచ్ఐవి గోలీ వేసుకునేది, ఒక్కరోజు తప్పేది కాదు. గోలీల డబ్బాను బియ్యం డబ్బాలో దాచేది. దగ్గు, జ్వరం వచ్చి తగ్గకపోతే వేరే ఊళ్ళో ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంది. టీబీ అని తేలింది, మందులు రాసిండు. హెచ్ఐవి సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. కొన్ని నెలలకు రక్త పరీక్ష చేస్తే వైరస్ పెరిగి ఉంది. "గోలీలు మానేసినవు గదా" అని అక్కడెవరో కోప్పడ్డారు. ఆమె మానలేదు. నిజం చెప్పినా నమ్మలేదు.

ఆమె టీబీ గోలీలు కొనేది ఈయన దగ్గరే. ఒకరోజు ఏడుస్తుంటే షాపులో ఎవరూ లేని టైము చూసి అడిగిండట. "అమ్మా, ఇది కాక ఇంకేం వేసుకుంటున్నవు? నాకు చెప్తే నాతోనే ఉంటది." చాలాసేపటికి చెప్పింది. డోలుటెగ్రావిర్ ఉన్న గోలీ అది. 2020 తర్వాత మన దగ్గర చాలామందికి ఇస్తున్నది అదే. మంచి మందు, కానీ దానికీ రిఫాంపిసిన్ పక్కన ఉంటే బలం తగ్గుతుంది. అందుకే టీబీ వైద్యం నడిచినన్ని రోజులు 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో ఇస్తారు. టీబీ గోలీలు అయిపోయినంక కూడా ఇంకో రెండు వారాలు ఆ రెండో గోలీ ఆపరు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న హమాలీల లెక్క ఇదే. ఆయన ఆమెకు సొంతంగా గోలీ ఇవ్వలేదు. రెండు కవర్లూ తీసుకుని మందులిచ్చే కేంద్రానికి పొమ్మని చెప్పి పంపిండు. అక్కడ మార్చి ఇచ్చారు. తర్వాత పరీక్షలో వైరస్ తగ్గింది.

ఆమె ఎందుకు చెప్పలేదు అని నేను అడిగితే ఆయన నన్నే అడిగిండు, "ఆ డాక్టరు దగ్గర కూర్చునే కాంపౌండరు ఆమె ఊరోడే. నువ్వైతే చెప్తవా?" నా దగ్గర జవాబు లేదు. హెచ్ఐవి ఉన్నవాళ్ళ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయట పెట్టకూడదని, చదువులో ఉద్యోగంలో వైద్యంలో వివక్ష చూపకూడదని 2017లో పార్లమెంటు చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులో ఉంది. చట్టం ఉన్నది కాబట్టి అడిగే హక్కు రోగికి ఉంది, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగవచ్చు. కానీ కాంపౌండరు ఊరోడే అయినచోట చట్టం పుస్తకం ఎంత దూరంలో ఉందో కూడా నాకు తెలుసు. చెప్పనివాళ్ళను తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. పెదనాయన పక్కన మంచం ఖాళీ చేసి లేచిపోయినవాళ్ళదే ఇందులో ఎక్కువ వాటా.

డోలుటెగ్రావిర్ వాడేవాళ్ళు చూసుకోవలసినవి ఇంకొన్ని చుట్టం చెప్పిండు, తర్వాత పుస్తకంలో సరిచూసుకున్నాను. కడుపుమంటకు తాగే గ్యాస్ టానిక్కులలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అవి కడుపులోనే ఈ మందును పట్టుకుని రక్తంలోకి పోనీయవు. ఇది హమాలీల సంగతి కాదు, గోదాం గేటు దగ్గరే ఆపడం. అందుకని టానిక్కుకు 2 గంటల ముందు గాని, తాగిన 6 గంటల తర్వాత గాని ఈ గోలీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం గోలీలకూ అదే లెక్క. లేదంటే అన్నం తింటూ రెండూ కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతో మాత్రం కలపకూడదు. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ దీని వల్ల రక్తంలో పెరుగుతుంది, డాక్టర్లు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ రిఫాంపిసిన్ లాగే హమాలీలను పెంచుతాయి. అయితే ఇవన్నీ చదివి ఎవరూ ఏ గోలీనీ తమంతట తాము ఆపొద్దు. టీబీ గోలీ గాని, ఫిట్స్ గోలీ గాని, హెచ్ఐవి గోలీ గాని మధ్యలో ఆపితే ఇంకా పెద్ద ప్రమాదం. అడగటానికి బీదరు జిల్లా ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. పేరు చెప్పకుండా ఫోనులో అడగాలంటే 1097కు చేయవచ్చు, డబ్బులు పడవు.

ఐరన్ గోలీ అంటే మన బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం గోలీ కూడా. పుట్టుకతో హెచ్ఐవి వచ్చి, మందులు వాడుతూ, మనలాగే బడికి పోయే పిల్లలు దేశంలో చాలామంది ఉన్నారు. ఎవరో వెతకొద్దు, అది మన పని కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నీలం గోలీ వేసుకుని, రాత్రి తొమ్మిదికి ఆ గోలీ వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో 6 గంటలు దాటుతాయి. కాబట్టి ఎవరూ నీలం గోలీ వద్దని లేచి నిలబడి అందరి ముందు కారణం చెప్పాల్సిన పని రాదు. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఒక పిల్లకో పిల్లాడికో ఆ రోజు బడి ఎగ్గొట్టే అవసరం తప్పుతుంది.

ఇంకొక్క సంగతి, భాష గురించి. మన దగ్గర దవాఖానాలో "బేరే యావ ఔషధి తగోతీరి?" అని కన్నడలో అడుగుతారు, కొందరు "ఔర్ క్యా గోలియాఁ లేతే?" అంటారు. తెలుగులో "ఇంకేం మందు తీసుకుంటవు?" అని అడిగితే మా పెదనాయన లాంటివాళ్ళు "నేను తాగను సారూ, ఎప్పుడో మానేసిన" అంటారు. మందు అంటే మనకు రెండు అర్థాలు గదా. మా చుట్టం అందుకే ఆ మాట వాడేవాడు కాదు. ఒక్కొక్కటి పేరు పెట్టి అడిగేవాడు. గోలీలు ఏమున్నయి? టానిక్కు? సూది? గ్యాసుకు ఏం తాగుతున్నవు? కాల్షియం గోలీ? మోకాళ్ళకు ఎవరన్నా పసరు ఇచ్చిన్రా? పక్కింటోళ్ళు ఇచ్చిన గోలీ ఏదన్నా? అన్నిటికీ లేదు అన్నా "ఇంట్ల ఉన్న కవర్లన్నీ ఒక సంచిలో ఏసుకొని రేపు తే, నేనే చూస్త" అని పంపేవాడు. మరునాడు సంచిలో ఒకటి రెండు కాదు, ఏడెనిమిది కవర్లు వచ్చేవట.